మా రికార్డరు రోగనిర్ధారణ

పెట్టె మూత తీయకుండానే రోగం చెప్పేసే మనిషిని చూస్తే నాకు రోత. డాక్టరైతే నాలుక చాపమంటాడు, చెయ్యి పట్టుకుని చూస్తాడు, కనీసం ఎన్నాళ్ళ నుంచి అనైనా అడుగుతాడు. మా ఇంటి డిజిటల్ వీడియో రికార్డరును చూడటానికి వచ్చిన టెక్నీషియను గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "డిస్కు పోయిందండి మేడంగారూ, బాక్సు మార్చేద్దాం" అన్నాడు. అప్పటికి అతను ఆ పెట్టెను చూడనైనా లేదు. అతనికీ పెట్టెకీ మధ్య గుమ్మం, కర్టెను, మా అత్తగారి పడకకుర్చీ ఉన్నాయి.

"చూడకుండా ఎలా తెలిసిందండీ?" అన్నాను.

"ఈ నెల్లో అన్నీ అవేనండి. ముమ్మిడివరంలో నాలుగు మార్చేను, రాజోలులో రెండు మార్చేను. అన్నీ డిస్కులేనండి."

"అయితే రాజోల్లో ఎవరికో జ్వరమొస్తే మేం మాత్ర వేసుకోవాలా?"

అతను నవ్వాడు. చదువుకున్న ఆడదాన్ని చూసి మగవాళ్ళు నవ్వే నవ్వు ఒకటుంది. పాపం, ఏదో మాట్లాడాలని ముచ్చట పడుతోంది, మాట్లాడనిద్దాం అన్నట్టుంటుంది. ఆ నవ్వుకి నాకు ఇరవై ఏళ్ళ నుంచి ఒళ్ళు మండుతూనే ఉంది.

మార్చేద్దాం అన్న మాట వినగానే అత్తగారు కుర్చీలో లేచి కూర్చున్నారు. "మార్చేస్తే మరి మా తమ్ముడో?" అన్నారు.

"ఏ తమ్ముడుగారండీ?" అన్నాడతను.

"ఆ పెట్టెలో ఉన్నాడు కదా."

అతను నావైపు చూశాడు. నేను సంజాయిషీ ఇవ్వలేదు. అతనికి ఇవ్వనిది ఇప్పుడు రాస్తున్నాను.

రెండువేల ఎనిమిది ప్రాంతంలో అమలాపురంలో మా వీధికి మొట్టమొదట రికార్డరు తెచ్చింది మావారే. మామూలు డిష్ పెట్టె వచ్చే బొమ్మను టీవీకి అందిస్తుంది, అంతటితో దాని పని అయిపోతుంది. ఇది అలా కాదు. దీని కడుపులో కంప్యూటరులో ఉండేలాంటి హార్డ్ డిస్కు ఒకటి తిరుగుతూ ఉంటుంది. వచ్చేదాన్ని దాచుకుంటుంది, ఆపమంటే ఆపుతుంది, వెనక్కి తిప్పమంటే తిప్పుతుంది. మావారు బ్యాంకు నుంచి వచ్చి, మధ్యాహ్నమే అయిపోయిన క్రికెట్ మ్యాచి పెట్టుకుని, మధ్యాహ్నమే ఓడిపోయిన జట్టు కోసం సాయంత్రం బాధపడేవారు. ఒకసారి బాధపడటం చాలదు కాబోలు.

అత్తగారికి ఒక్కడే తమ్ముడు. కొత్తపేట అవతల, గోదావరి మధ్య లంకలో ఉండేవారు. కొబ్బరితోట, నాలుగు గేదెలు. మా ఆడపడుచు పెళ్ళికి ఆయనకి శుభలేఖ పోస్టులో వెళ్ళింది. స్వయంగా వెళ్ళి పిలవాల్సిన మావారు "తీరిక లేదు, పోస్టులో వేసేస్తే పోలా" అన్నారు. మా వైపు మనిషిని కొట్టినా సర్దుకుంటారు గానీ, మేనమామని ఇంటికెళ్ళి పిలవకపోతే సర్దుకోరు. ఆయన పెళ్ళికి రాలేదు. వచ్చిన శుభలేఖనే కొత్త కవరులో పెట్టి, మా చిరునామా రాసి తిప్పి పోస్టు చేశారు. అది చూసి అత్తగారు "వాడి గుమ్మం నేను తొక్కితే ఒట్టు" అన్నారు. తొమ్మిదేళ్ళు! బస్సెక్కితే గంట ప్రయాణం. తొమ్మిదేళ్ళపాటు అక్క తమ్ముడి ముఖం చూడలేదు, తమ్ముడు అక్క ముఖం చూడలేదు. రక్తసంబంధం గురించి ఎవరైనా గొంతు వణికిస్తూ మాట్లాడితే నాకు ఆ తపాలా బిళ్ళ వెనకాల జిగురు నాలిక్కి తగిలినట్టుంటుంది.

రికార్డరు కొన్న ఏడాదే శ్రావణంలో గోదావరి పెరిగి లంకలు మునిగాయి. మధ్యాహ్నం వార్తల్లో నాటుపడవ ఒకటి కనిపించింది. అత్తగారు "ఒరేయ్!" అని ఒక్క కేక పెట్టారు. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి తెరమీద ఎవరో మంత్రి ఉన్నాడు. రిమోటు తీసుకుని వెనక్కి తిప్పాను. తమ్ముడుగారు మళ్ళీ పడవలోకి వచ్చారు. దాన్ని అక్కడే భద్రం చేశాను.

మొత్తం నలభై సెకన్లు. ఆయన తలకి తుండుగుడ్డ చుట్టుకుని, గేదెదూడ మెడచుట్టూ చెయ్యేసి కూర్చున్నారు. విలేకరి మైకు ఆయన మూతికి ఆనించి, సాయం అందిందా అని అడిగాడు.

"ముందు ఆ గొట్టం తీయండీ బాబూ, దూడ బెదురుతోంది" అన్నారాయన.

"ఇప్పుడెక్కడికి వెళ్తున్నారండీ?"

"మా అక్క ఉందండీ అమలాపురంలో. దానింటికి పోతాను. ఇంకెక్కడికి పోతానూ?"

ఆ సాయంత్రం అత్తగారు ముందుగది కడిగించి మంచం వేయించారు. కందబచ్చలి కూర చేయించారు. ఆయన రాలేదు. నీళ్ళు తీయగానే పడవ తిప్పుకుని ఇంటికి పోయారట. టీవీవాడికి చెప్పిన మాట అక్కకి చెప్పడానికి నోరు రాలేదు. ఈవిడైనా కబురు పెట్టిందా అంటే, "వాడే వస్తాన్నాడుగా, రానీ" అని కూర్చున్నారు. మాఘమాసంలో ఆయన గుండె ఆగి పోయారు. తొమ్మిదేళ్ళ తర్వాత అత్తగారు ఆ గుమ్మం తొక్కింది ఆ రోజే.

అప్పటినుంచి రోజూ భోజనమయ్యాక ఆ నలభై సెకన్లు చూడటం ఆవిడ పని. గొట్టం దగ్గర నవ్వేవారు. "మా అక్క ఉందండీ" అన్నచోట పెదాలు కదిపి తనూ అనేవారు. తర్వాత మళ్ళీ మొదటినుంచి పెట్టుకునేవారు. రిమోటు మీద రాతలన్నీ ఇంగ్లీషు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. అందుకని మధ్యలో ఉన్న మీట మీద నా ఎర్ర స్టిక్కరు బొట్టు ఒకటి అతికించాను. మిగతా రికార్డింగులన్నిటికీ పైన తమ్ముడుగారు ఉండేలా చేశాను. "తెరమీద ఏమొచ్చినా మీరు కంగారు పడకండి అత్తయ్యగారూ, బొట్టు నొక్కండి, మళ్ళీ బొట్టు నొక్కండి, అంతే" అని నేర్పాను. వారం రోజుల్లో వచ్చేసింది. నేను మంచి టీచర్ని.

ఇంకో చోటికి ఎక్కించి పెట్టుకోలేదా అని ఇప్పుడు ఎవరైనా అడగవచ్చు. అడగండి, నేనే రోజూ అడుగుతున్నాను. ఆ డిస్కు విప్పి కంప్యూటరుకి తగిలిస్తే చదవదు, ఆ పెట్టెకి తప్ప ఎవరికీ చూపించకుండా తాళం వేసి అమ్మారు మహానుభావులు. అయినా పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు టీవీకి వైరు కలిపి సీడీ మీదకి ఎక్కించగలరు. మా వీధి చివరే ఉంది ఆ షాపు. వచ్చే వారం పిలుద్దాం అనుకున్నాను. బియస్సీ ఫిజిక్సు ఫస్టు క్లాసు మనిషిని, వచ్చే వారం వచ్చే వారం అంటూ వైశాఖం దాకా లాగాను.

వైశాఖంలో పెట్టెకి రోగం వచ్చింది. బొమ్మ బాగానే మొదలయ్యేది. కాసేపటికి చదరాలు చదరాలుగా విరిగిపోయి, నిలిచిపోయి, పెట్టె తనంతట తనే ఆరిపోయి మళ్ళీ వెలిగేది. లోపల టిక్, టిక్ మని చప్పుడు. తమ్ముడుగారు ఒకరోజు గొట్టం తీయమని అన్నారు గానీ అక్క దాకా రాలేదు. మర్నాడు పడవే రాలేదు.

మావారి చికిత్స పెట్టె నెత్తిమీద అరచేత్తో చరచడం. పాత టీవీలకి అలా చేసేవారు కదా అని తర్కం. "తిరిగే డిస్కుని చరిస్తే ఏమవుతుందో తెలుసా?" అంటే, "నీకన్నీ తెలుసు" అన్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే పాట. పాట తర్వాత ఒక అమ్మాయి, "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడం" అంది. "దానంతట అదే రోజుకి ఇరవైసార్లు చేసుకుంటోందమ్మా, నేను వేరే చెయ్యక్కర్లేదు" అంటే మళ్ళీ పాట. ఆ తర్వాతే వచ్చాడు, గుమ్మంలోంచే రోగం చెప్పిన మన టెక్నీషియను.

"కొత్త బాక్సు వస్తుందండి, పాతది కంపెనీ తీసేసుకుంటుందండి. అందులోవి రావండి" అన్నాడు. "ఆయ్, మళ్ళీ కొత్తవి రికార్డు చేసుకోవచ్చండి."

"మళ్ళీ రికార్డు చేసుకుందుకు ఆయన లేరండీ" అన్నాను. వారం రోజుల గడువు అడిగి పంపించేశాను.

నేను చేసింది పెద్ద విద్యేమీ కాదు, కనిపించింది కనిపించినట్టు రాసుకోవడం. కేలండరు వెనకాల ఒక్కో రోజు రాశాను. ఉదయం నలభై నిమిషాలు ఆడింది. మధ్యాహ్నం ఎండలో పది నిమిషాలే. రికార్డింగు కాకుండా ఉత్త చానలు పెట్టినా ఆరిపోయింది. ఇక్కడే నాకు అనుమానం. డిస్కు పోతే దాచుకున్నది ఆడకూడదు, సరే. వచ్చే చానలు ఎందుకు ఆరిపోవాలి? ఇంకోటి కనిపెట్టాను. ఆరిపోయే ముందు పెట్టె ముందరి నీలం దీపం కాస్త సన్నబడుతోంది. టిక్ మనేది దాని తర్వాత. ముందు కాదు. అంటే డిస్కు ఆగడం వల్ల కరెంటు తగ్గడం లేదు. కరెంటు తగ్గడం వల్ల డిస్కు తిరగలేక ఆగుతోంది. గోడప్లగ్గుకీ పెట్టెకీ మధ్య నల్లటి అడాప్టరు ఉంటుంది కదా, దానిమీద చెయ్యి పెట్టాను. అట్టు వేసుకోవచ్చు.

మావారికి చెప్పాను. "అంత పెద్ద కంపెనీవాడికి తెలియదు, నీకు తెలిసింది" అన్నారు. నాలుగు ముక్కలు చదివిన భార్యని చేసుకుంటున్నానని పెళ్ళిచూపుల్లో మురిసిపోయిన మనిషే ఈయన.

పెట్టె, అడాప్టరు సంచిలో పెట్టుకుని బస్టాండు వెనకాల పాత రేడియో మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను. డెబ్భై ఏళ్ళ మనిషి. ఇలాంటి పెట్టె జన్మలో చూడలేదని ముందే చెప్పారు. చూడలేదని చెప్పిన మొదటి మగమనిషి ఆయనే. కూర్చోమని, మొదటినుంచి చెప్పమన్నారు. కేలండరు కాగితం ఇస్తే రెండుసార్లు చదివారు.

అడాప్టరుకి మీటరు పెట్టారు. పన్నెండు వోల్టులు చూపించింది. నా ముఖం మాడిపోయింది. "ఆగండమ్మగారూ, బరువు మోయనప్పుడు అందరం బాగానే నిలబడతాం" అని, పెట్టెకి తగిలించి మళ్ళీ చూపించారు. పదిన్నర. పది. తొమ్మిది. టిక్. అడాప్టరు చీల్చి చూస్తే లోపల రెండు కండెన్సర్లు తలలు ఉబ్బి, పసుపుపచ్చ రసం కారి ఉన్నాయి.

పనిలో పనిగా పెట్టె మూత కూడా తీశారు. ఛీ! అక్కడ చూసింది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు. రెండు బల్లిగుడ్లు, ఒకటి పగిలి అతుక్కుపోయింది. చచ్చిన బొద్దింక కాళ్ళు. చీమలు మట్టి తెచ్చి కట్టుకున్న గోడ. గాలి ఆడే కన్నాలన్నిటిలో తెల్లటి దారప్పోగులు. ఆ పోగులు నావే. కాలేజీ రోజుల్లో అల్లిన క్రోషే గుడ్డ, కన్నాల మీద కప్పి, పైన ఇత్తడి నెమలి కూడా పెట్టాను. మా ఊళ్ళో ఏ సామాను మీదైనా గుడ్డ కప్పకపోతే ఇల్లాలు బద్ధకస్తురాలని కదా లెక్క. ఊపిరాడకుండా కప్పి, మళ్ళీ కంపెనీవాళ్ళని తిడుతున్నాను.

ఆయన బ్రష్షుతో అంతా దులిపి, కండెన్సర్లు రెండూ మార్చి కరెంటు ఇచ్చారు. టిక్ లేదు. లోపలి నుంచి సన్నటి రొద, ఒకటే శ్రుతిలో. చెవి ఆనించి విన్నారు.

"డిస్కు బాగుందాండీ?"

"మీరే వినండి. మీ అత్తగారి తమ్ముడుగారు సుఖంగా ఉన్నారండి."

ఇంటికి వచ్చి పెట్టె బిగించాను. నీలం దీపం కదలకుండా వెలిగింది. అత్తగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, రిమోటు ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇంకో నిమిషంలో వచ్చేస్తారండీ" అన్నాను.

ఆ ఒక్క నిమిషం నేను అక్కడ కూర్చుని ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. నాకు గెలిచిన సంగతి చెప్పుకోకపోతే నిలవదు. హాల్లో మూలనున్న ఫోను దగ్గరికి వెళ్ళి, టీవీకి వీపు పెట్టి, టెక్నీషియనుకి ఫోన్ చేశాను.

"డిస్కు బాగానే ఉందండీ. పోయింది అడాప్టరు. చూడకుండా చెప్పేరు కదా, ఇప్పుడు చూసి చెప్తున్నాను, వినండి" అని మొదలుపెట్టాను. వోల్టులు చెప్పాను. రాజోలుని మళ్ళీ లాగాను. అతను "ఆయ్, ఆయ్" అంటున్నాడు. నాకు ఆ ఆయ్‌లు చాలలేదు. ఇంకో రెండు నిమిషాలు ఉతికాను.

"అమ్మాయీ, ఏదో గీత వస్తోందేంటే?" అన్నారు అత్తగారు వెనకనుంచి.

తిరిగి చూశాను. తెరమీద ఒక నీలం గీత కుడివైపుకి పాకుతోంది. పక్కన అంకెలు. ఎనభై, తొంభై. కింద ఇంగ్లీషులో, డిస్కు శుభ్రం చేయబడుతున్నది అని. అన్నాళ్ళు కరెంటు చాలక మాటిమాటికీ ఆరిపోవడంతో డిస్కులో రాతలు తారుమారయ్యాయి. వెలిగిన వెంటనే పెట్టె ఒక ప్రశ్న అడిగిందని తర్వాత దానితో వచ్చిన పుస్తకం చూసి తెలుసుకున్నాను. లోపం కనిపిస్తోంది, మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టమంటారా అని. కోనసీమలో అమ్మే పెట్టె, ఇంగ్లీషులో అడిగింది. అవును అనేదాన్ని ముందే వెలిగించి ఉంచింది. ఆవిడ బొట్టు నొక్కారు. నిజంగానా అని మళ్ళీ అడిగింది. ఆవిడ మళ్ళీ బొట్టు నొక్కారు. నేను నేర్పినట్టే, పొల్లుపోకుండా.

కాదు అని నొక్కి ఉంటే ఆయన వచ్చేవారా? బహుశా వచ్చేవారు. ఈ బహుశాని నేను ఎవరి దగ్గరా వాదించి తేల్చుకోలేను.

నూరు అయింది. జాబితా తెరుచుకుంది. ఖాళీ. ఫోనులో టెక్నీషియను "మేడంగారూ, ఉన్నారాండీ?" అంటున్నాడు. పెట్టేశాను.

"వాడేడే?" అన్నారు అత్తగారు.

నేను రిమోటు తీసుకుని అన్నీ నొక్కాను. ఉన్నవీ లేనివీ అన్నీ నొక్కాను. ఆవిడ నా చేతులకేసి చూస్తున్నారు. చిన్న గొంతుతో అడిగారు.

"నేను నొక్కింది తప్పు కాదు కదే?"

జన్మలో ఎవరికీ మొహమాటానికి అబద్ధం చెప్పని దాన్ని. పుట్టింట్లో, అత్తింట్లో, కాలేజీలో, ఎక్కడైనా నిజం మొహాన కొట్టినట్టు చెబుతానని పేరు. అలా చెప్పడం నా గుణమనుకునేదాన్ని.

"కాదండీ" అన్నాను. "మీరు నొక్కకముందే డిస్కు పోయింది. ఆ టెక్నీషియను మొదటే చెప్పేడు కదా. నేనే వినలేదు."

"అంతేనంటావా?"

"అంతేనండీ. మీరేం చేసినా ఆగేది కాదు."

ఆవిడ రిమోటు టీవీ పక్కన పెట్టి, వెళ్ళి పడుకున్నారు. ఆ మధ్యాహ్నం కాఫీ తాగలేదు. మర్నాడు తాగారు.

అక్కడితో అయిపోలేదు. అబద్ధానికి సాక్ష్యం కావాలి. పెట్టె ఇంట్లోనే ఉండి, రోజూ క్రికెట్ చక్కగా రికార్డు చేస్తూ ఉంటే డిస్కు పోయిందని ఎవరు నమ్ముతారు? అత్తగారికి ఇంగ్లీషు రాదు గానీ తెలివి లేదా? అందుకని మర్నాడు పొద్దున్నే టెక్నీషియనుకి మళ్ళీ ఫోన్ చేసి, వచ్చి పెట్టె తీసుకుపొమ్మన్నాను. వచ్చాడు. ఈసారి చెప్పులు నెమ్మదిగా విప్పాడు.

"నిన్న బాగుందన్నారు కదండీ?"

అత్తగారు కుర్చీలో ఉన్నారు. మావారు పేపరు పక్కన పెట్టి చూస్తున్నారు.

"మీరన్నదే నిజమండీ" అన్నాను. "డిస్కే."

అతను ఆ నవ్వు నవ్వాడు. "నేను చెప్పలేదాండీ మేడంగారూ? మాకు రోజూ ఇదే పని కదండీ, గుమ్మంలోంచే తెలిసిపోద్దండి." మావారు పెద్దగా నవ్వి, "ఇన్నాళ్ళకి ఓడిందండీ, మీకు సన్మానం చెయ్యాలి" అన్నారు. నా పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కున్నాయి. అత్తగారు నా వైపే చూస్తున్నారు.

ఆ తర్వాత ఆవిడ నాలుగేళ్ళు ఉన్నారు. ఆ నాలుగేళ్ళూ, ఆ తర్వాతా, ఏ పెళ్ళిపందిట్లో నలుగురు కూర్చున్నా మావారు ఈ కథ ఎత్తుకునేవారు. మా ఆవిడ ఫిజిక్సు, కేలండరు వెనకాల రాసిన శాస్త్రం, చివరికి గుమ్మంలోంచే చెప్పిన టెక్నీషియను నెగ్గడం. జనం పడీ పడీ నవ్వేవారు. ఆయనకి ఇప్పటికీ నిజం తెలియదు. ఇది అచ్చయ్యాక చదివితే చదువుకోనీ.

ఆ రోజు టెక్నీషియను పెట్టె సంచిలో పెట్టుకుని ఒక కాగితం నా ముందు పెట్టాడు. లోపం ఏమిటి అని ఒక గడి ఉంది. "నేను రాసెయ్యనాండీ?" అన్నాడు. వద్దన్నాను. అతని పెన్నే తీసుకుని, అత్తగారికి వినపడేలా పైకి చదువుతూ నా చేత్తో నేనే రాశాను, హార్డ్ డిస్కు చెడిపోయినది అని. కింద సంతకం పెట్టాను. అది బ్రహ్మాండంగా పనిచేస్తున్న డిస్కు.